తండ్రి నీడ నుంచి బయటపడేసిన నాలుగు తీగలు: జార్జ్ ఫార్మ్‌బీ జీవితం

బెంజో అంటే మన ఇళ్లలో చాలామందికి కవ్వాలీ పార్టీలే గుర్తొస్తాయి. హార్మోనియం పక్కన టైపు మిషన్‌లాంటి మీటలున్న ఒక పొడవాటి పెట్టె. ఎడమ చేత్తో మీటలు నొక్కుతూ కుడి చేత్తో తీగలు మీటుతుంటే, కవ్వాల్ గొంతు వెనకాలే అది పరుగెడుతూ ఉంటుంది. దాని అసలు పేరు బుల్‌బుల్ తరంగ్. జపాన్ వాద్యం ఒకటి మన దేశానికి వచ్చి అలా మారింది. ఇక్కడ చెప్పుకునేది ఆ బెంజో గురించి కాదు. దఫ్‌లాంటి గుండ్రటి చర్మపు పళ్లానికి ఒక పొట్టి మెడ తగిలించి, దాని మీద నాలుగు తీగలు బిగిస్తే ఎలా ఉంటుందో, అలా ఉండే వాద్యం ఇది. పేరు బాంజో యూకలేలే. ముద్దుగా బాంజొలేలే అంటారు.

ఒకప్పుడు ఇంగ్లాండులో ఈ బుల్లి వాద్యం ఇంటింటికీ చేరిందంటే అందుకు పెద్ద కారణం జార్జ్ ఫార్మ్‌బీ అనే హాస్యనటుడు. ఆయనకు చదవడం, రాయడం సరిగ్గా రాదు. స్వరలిపి అసలే రాదు. వాయించే వాద్యాన్ని శ్రుతి చేసుకోవడం కూడా పెద్దగా వచ్చేది కాదు. అయినా ఒక దశలో బ్రిటన్‌లో అందరికంటే ఎక్కువ సంపాదించిన కళాకారుడు ఆయనే.

జార్జ్ 1904 మే 26న లాంకషైర్‌లోని విగన్ పట్టణంలో పుట్టాడు. బొగ్గు గనులు, నూలు మిల్లుల ప్రాంతం అది. అసలు పేరు జార్జ్ హోయ్ బూత్. పుట్టినప్పుడు కంటి మీద పొర ఉండటంతో చూపు లేదు. కొన్ని నెలల తర్వాత గట్టిగా దగ్గో తుమ్మో వచ్చి ఆ పొర తొలగిపోయిందని ఇంట్లోవాళ్లు చెప్పుకునేవారు. దగ్గుకూ ఆ ఇంటికీ ఉన్న సంబంధం అక్కడితో ఆగలేదు. తండ్రి కూడా జార్జ్ ఫార్మ్‌బీ అనే పేరుతోనే మ్యూజిక్ హాళ్లలో పెద్ద పేరున్న హాస్యనటుడు. ఆయనకు క్షయ. స్టేజీ మీద పాట మధ్యలో దగ్గు తెర వస్తే దాన్నే నవ్వులాటగా మార్చి, బ్యాండు మాస్టరుతో ముచ్చట్లు పెట్టి జనాన్ని నవ్వించేవాడు. జనం అది నటన అనుకునేవారు. నిజానికి ఆ మనిషి ఊపిరితిత్తులు తరిగిపోతున్నాయి.

ఆ తండ్రికి ఒకటే పట్టుదల, కొడుకు ఈ రంగంలోకి రాకూడదని. తను వేసే వేషం కూడా చూడనిచ్చేవాడు కాదు. ఏడేళ్లకే పిల్లాణ్ని గుర్రప్పందేల శిక్షణకు పంపేశాడు. చదువు అక్కడితో సరి. పదేళ్ల వయసులో మొదటి పందెంలో గుర్రమెక్కినప్పుడు ఆ పిల్లాడి బరువు పాతిక కిలోలు కూడా ఉండి ఉండదు. ఇంగ్లాండులో, ఐర్లాండులో గుర్రపుశాలల్లోనే పెరిగాడు. ఒక్క పందెం కూడా గెలవలేదు.

1921 ఫిబ్రవరి 8న తండ్రి చనిపోయాడు. నలభై ఐదేళ్లే. కుర్రాడికి అప్పటికి పదహారు. తల్లి ఎలైజా అతణ్ని ఓదార్చడానికి లండన్ తీసుకెళ్లింది. అక్కడ ఒక థియేటర్లో ఇంకో నటుడు తండ్రి పాటల్ని, తండ్రి వేషాన్ని అచ్చంగా దించేస్తూ కనిపించాడు. ఎవరో పరాయివాడు చేసేకంటే కన్నకొడుకే చేయొచ్చు కదా అనిపించింది. నెలన్నర తిరిగేలోపే తండ్రి పాటలు, తండ్రి జోకులు, తండ్రి నడకతో కుర్రాడు స్టేజీ ఎక్కాడు. పేరు మాత్రం తండ్రిది వాడుకోలేదు. తల్లి పుట్టింటి పేరు తగిలించుకుని జార్జ్ హోయ్‌గా వచ్చాడు.

కుదర్లేదు. తండ్రి చేస్తుంటే కడుపుబ్బ నవ్విన జనం, అదే పాట కొడుకు పాడుతుంటే కాళ్లు కదిలించుకుంటూ కూర్చునేవారు. కొన్ని చోట్ల ఈలలేసి గోల చేసి దించేశారు. చనిపోయిన మనిషి చొక్కా తొడుక్కుని ఊరూరా తిరిగినట్టుంది ఆ కుర్రాడి పరిస్థితి.

1923లో రెండు విషయాలు జరిగాయి. ఒకటి, అతని చేతికి యూకలేలే వచ్చింది. ఎవరు ఇచ్చారు, ఎలా దొరికింది అనే దాని మీద రకరకాల కథలున్నాయి గానీ, బార్న్‌స్లీ ఊళ్లోని అల్హాంబ్రా థియేటర్లో దాన్ని మొదటిసారి స్టేజీ మీద వాయించాడన్నది తెలిసిన సంగతి. పాటలు ఇంకా తండ్రివే. కానీ ఈసారి జనం చప్పట్లు కొట్టారు. తండ్రి చేతిలో ఎన్నడూ లేని వస్తువు కొడుకు చేతిలో ఉంది మరి. ఆ తర్వాతే అతను తండ్రి వేషాన్ని వదిలేసి, ఫార్మ్‌బీ అనే పేరును ధైర్యంగా పెట్టుకున్నాడు. పేరు తండ్రిది, వాయిద్యం తనది.

రెండోది బెరిల్ ఇంగమ్. చెక్క అడుగున్న బూట్లతో చేసే నాట్యంలో పదకొండేళ్లకే ఇంగ్లాండు ఛాంపియన్ అయిన అమ్మాయి. చెల్లెలితో కలిసి సొంత ప్రదర్శన నడుపుతోంది. మొదటిసారి ఇతని ఆట చూసినప్పుడు ఆమెకు అస్సలు నచ్చలేదు, టమాటాలు విసిరేయాలన్నంత చిరాకు పుట్టిందట. 1924 సెప్టెంబరు 13న ఆ ఇద్దరికీ విగన్ రిజిస్టర్ ఆఫీసులో పెళ్లి అయింది. తల్లికి తెలిసి, చర్చిలో పెళ్లి కావాల్సిందేనని పట్టుబడితే రెండు నెలలకు మళ్లీ చేసుకున్నారు. అప్పటినుంచి అతని ప్రతి పనీ బెరిల్ చేతిలోకి వెళ్లింది. వేషం మార్పించి శుభ్రమైన సూటు తొడిగించింది, థియేటర్లతో బేరాలు తనే ఆడింది. వాద్యాల శ్రుతి కూడా చాలావరకు ఆమే చూసుకునేదని చెబుతారు.

ఈ వాద్యం ఎందుకు సరిపోయిందో కాస్త ఆగి చూడాలి. యూకలేలే పుట్టిల్లు హవాయి. 1879లో పోర్చుగీసు వాళ్ల మదీరా దీవి నుంచి చెరకు తోటల్లో పనికి వచ్చిన కూలీలు తమ చిన్న గిటార్లను వెంట తెచ్చుకున్నారు. వాటి నుంచి పుట్టింది. గొంతు తీయన, కానీ మెత్తన. ఇంట్లో పదిమంది మధ్య బాగుంటుంది. మైకులు లేని రోజుల్లో వెయ్యిమంది కూర్చున్న హాల్లో వెనక బెంచీల దాకా ఎలా వినిపిస్తుంది? ఇక బాంజో సంగతి. పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా అమెరికాకు లాక్కెళ్లిన మనుషులు సొరకాయ బుర్రకు చర్మం బిగించి చేసుకున్న వాద్యమది. దాని మూల రూపాల్లాంటివి సెనెగల్, గాంబియా ప్రాంతాల్లో ఇప్పటికీ వాయిస్తారు. చర్మం ఉంది కాబట్టి దెబ్బ కొట్టినట్టు పలుకుతుంది, దూరం పోతుంది. యూకలేలే మెడను, నాలుగు తీగలను బాంజో చర్మానికి తగిలిస్తే రెండింటి గుణాలూ కలుస్తాయి. హవాయిలో పుట్టిన ఆల్విన్ కీచ్ అనే ఆయన ఇలాంటి వాటికి బాంజులేలే అని పేరుపెట్టి 1920లలో లండన్‌లో బాగా అమ్మాడు. ఫార్మ్‌బీ గొంతు సన్నం, కాస్త ముక్కుతో పలికేది. దానికి దీటుగా టకటకమనే తోడు కావాలి. చెక్క యూకలేలే ఆ పని చేయలేదు.

అయితే చర్మంతో ఒక తంటా ఉంది. డప్పుల వాళ్లు వాయించే ముందు డప్పును మంట దగ్గర కాచడం మనవాళ్లు చూసే ఉంటారు. దఫ్ వాయించేవాళ్లదీ అదే బాధ. గాలిలో తేమ ఉంటే చర్మం సాగి బుడ్డిగా మోగుతుంది, ఎండెక్కితే బిగుసుకుంటుంది. బాంజొలేలే పళ్లెం చుట్టూ చిన్న చిన్న కొక్కేలు, వాటికి బోల్టులు ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా చుట్టూ తిప్పుకుంటూ పోకూడదు. కారు చక్రం బిగించేటప్పుడు మెకానిక్ ఎదురెదురు నట్లు ఎలా బిగిస్తాడో అలా, ఒకటి బిగించాక దానికి ఎదురుగా ఉన్నది, ఒక్కోసారి పావు చుట్టు మాత్రమే. ఒక పక్క ఎక్కువ లాగితే పళ్లెం వంకరపోతుంది, చర్మం చీలుతుంది. వేలితో తడితే అన్ని వైపులా ఒకే మోత రావాలి. ఇప్పుడు ప్లాస్టిక్ చర్మాలు వచ్చాక ఈ గొడవ తగ్గింది గానీ, పాత మోత కావాలనుకునేవాళ్లు దూడ చర్మాన్నే వెతుక్కుంటారు.

ఇంకొకటి, తీగల కింద నిలబడే చిన్న చెక్క ముక్క, అదే బ్రిడ్జి. ఇది అతికించి ఉండదు, తీగల ఒత్తిడికే నిలబడుతుంది. కాస్త జరిగినా స్వరాలన్నీ తప్పుతాయి. మెడ పైకొస నుంచి పన్నెండో మెట్టు దాకా ఎంత దూరముందో, అక్కడినుంచి బ్రిడ్జికి కూడా దాదాపు అంతే ఉండాలి. తీగను వదిలి ఒకసారి, పన్నెండో మెట్టు దగ్గర నొక్కి ఒకసారి మీటి చూస్తే అదే స్వరం పై స్థాయిలో వినపడాలి. హెచ్చుగా పలికితే బ్రిడ్జిని కాస్త వెనక్కి, తగ్గి పలికితే కాస్త ముందుకు. అంతే పని. కానీ ఈ ఒక్కటి చూడకుండా వాద్యమే బాగాలేదని మూలన పడేసినవాళ్లు ఎందరో.

ఫార్మ్‌బీ దారి వేరు. తీగల మీద ఎడమ చేతి వేళ్లు పెట్టే కొన్ని అమరికలు మాత్రమే ఆయన నేర్చుకున్నాడు. పాట ఇంకో శ్రుతిలో ఉంటే వేళ్ల అమరిక మారాలి కదా. అది ఆయనకు కుదరదు. అందుకని వాద్యాన్నే మార్చేవాడు. ఒక్కో శ్రుతికి ఒక్కో బాంజొలేలే. వేళ్లు అవే, పాట శ్రుతి మాత్రం మారిపోయేది. స్కేల్ ఛేంజర్ హార్మోనియం వాయించేవాళ్లు మీటల వరస జరిపి అదే చేతివాటంతో ఇంకో శ్రుతిలో వాయిస్తారే, సరిగ్గా అదే ఉపాయం. కాకపోతే ఈయన దగ్గర జరిపే మీటలు లేవు, వరసగా పేర్చిన వాద్యాలు ఉండేవి. రాని విద్యను దాచుకోవడానికి చేసిన పని అని తేలిగ్గా తీసేయొచ్చు. కానీ తనకు ఏది రాదో తెలుసుకుని దానికి తగ్గట్టు సామాను అమర్చుకోవడం అందరూ చేసే పని కాదు.

కుడి చేయి సంగతికొస్తే మాత్రం ఆయనకు ఎవరూ సాటిరాలేదు. చూపుడు వేలితో నాలుగు తీగల మీదా ఒక దెబ్బ కిందికి, పైకి వచ్చేటప్పుడు ఒక చివర తీగ, మళ్లీ కిందికి పోతూ రెండో చివర తీగ. విడగొట్టిన దెబ్బ అని దాని పేరు. నాలుగో తీగ మామూలుగా మందంగా ఉండాల్సింది పోయి ఈ వాద్యంలో సన్నగా, హెచ్చు స్వరంలో ఉంటుంది కాబట్టి ఆ దెబ్బల మధ్య రెండు చివర్లా గంటలు కొట్టినట్టుంటుంది. పాట నడక నాలుగు, దెబ్బల నడక మూడు. వినేవాళ్లకు ఇద్దరు వాయిస్తున్నట్టు ఉంటుంది. వింటే తేలిక, చేయబోతే మణికట్టు పట్టేస్తుంది.

1934లో బూట్స్ బూట్స్ అనే సినిమా వచ్చింది. లండన్‌లో ఒక్క గది స్టూడియోలో, మూడు వేల పౌండ్ల ఖర్చుతో తీసిన చవకబారు బొమ్మ. ఉత్తరాది జిల్లాల్లో జనం ఎగబడి చూశారు. మరుసటి ఏడాది మోటార్‌ సైకిల్ పందేల మీద తీసిన నో లిమిట్‌తో ఆయన పెద్ద స్టార్ అయిపోయాడు. కథ దాదాపు ప్రతిసారీ ఒకటే, అమాయకుడు, పెద్ద పళ్లు, ఇంత నవ్వు, చివరికి గెలుపు. గుర్రం మీద ఒక్క పందెం గెలవని మనిషి తెరమీద గెలుస్తూనే పోయాడు. 1936లో కిటికీలు తుడిచేవాడి పాట పాడితే, అందులో ద్వంద్వార్థాలు ఉన్నాయని బీబీసీ ప్రసారం చేయనంది. రికార్డులు అమ్ముడుపోవడం మాత్రం ఆగలేదు. నిజానికి ఆ పాటల్లో కొన్ని ఇంట్లో అందరూ కలిసి వినేవి కావు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే.

పేరు పెరిగాక జాన్ డల్లాస్ కంపెనీ ఆయన పేరు చెక్కిన బాంజొలేలేలు వేసింది. పిల్లలు, ఫ్యాక్టరీ కార్మికులు డబ్బులు కూడబెట్టి కొనుక్కున్నారు. స్టేజీ మీద ఆయన ఎక్కువగా వాయించినవి మాత్రం గిబ్సన్, లడ్‌విగ్, ఆబట్ లాంటి ఖరీదైనవి. పేరు చూసి కొనేవాళ్లు ఇప్పటికీ ఇక్కడే పొరబడతారు. డల్లాస్ వాద్యాల్లో మంచివీ ఉన్నాయి, బొమ్మల్లాంటివీ ఉన్నాయి. పాతది కొనేటప్పుడు ముందు చూడాల్సింది తలమీది పేరు కాదు, మెడ. కంటికి ఎదురుగా పెట్టి చివరినుంచి చూస్తే అది నిటారుగా ఉందా, విల్లులా వంగిందా తెలిసిపోతుంది. చర్మం చిరిగితే మార్చుకోవచ్చు, తీగలు పోతే వేసుకోవచ్చు, తుప్పు పట్టిన కొక్కేలకు వేరేవి దొరుకుతాయి. వంగిన మెడను సరిచేయడానికి అయ్యే ఖర్చుతో ఇంకో వాద్యమే వస్తుంది. పళ్లెం గుండ్రంగా ఉందో లేదో, శ్రుతి బిరడాలు జారిపోతున్నాయో నిలుస్తున్నాయో చూడాలి. కొన్న రోజు శ్రుతి నిలవకపోతే కంగారు పడక్కర్లేదు, కొత్త తీగలు కొన్నాళ్లు సాగుతూనే ఉంటాయి.

రెండో ప్రపంచ యుద్ధంలో భార్యాభర్తలిద్దరూ సైనికుల కోసం దేశాలు తిరిగారు. ఫ్రాన్స్, ఉత్తర ఆఫ్రికా, ఇటలీ, ఆ తర్వాత బర్మా, మన ఇండియా, సిలోన్. 1944లో నార్మండీ తీరంలో సేనలు దిగిన కొద్ది వారాలకే అక్కడ ఉన్నారు. పియానో మోసుకెళ్లలేరు, ఆర్కెస్ట్రా వెంట రాదు. చంకలో పెట్టుకుపోయే ఈ వాద్యంతో లారీ మీద నిలబడి పాడేసేవాడు. 1946 నాటికి దాదాపు ముప్పై లక్షల మంది సైనికులు ఆయన్ని చూశారని అంచనా. ఆ ఏడాదే ప్రభుత్వం ఓబీఈ బిరుదు ఇచ్చింది.

1946లోనే దక్షిణాఫ్రికా వెళ్లారు. తెల్లవాళ్లకు వేరుగా, నల్లవాళ్లకు వేరుగా పెట్టే ప్రదర్శనలు చేయబోమని తేల్చేశారు. నల్లజాతి ప్రేక్షకుల ముందు పాడిన ఒక చోట ఓ చిన్నపాప బెరిల్‌కు చాక్లెట్ డబ్బా ఇస్తే, జార్జ్ ఆ పాపను దగ్గరకు తీసుకుని హత్తుకున్నాడు. హాలంతా కేకలు. తర్వాత కొద్దికాలానికే ఆ దేశంలో వర్ణవివక్షను చట్టంగా తెచ్చిన మలాన్, అప్పటికి నేషనల్ పార్టీ నాయకుడు, ఫోన్ చేసి అభ్యంతరం చెప్పాడు. బెరిల్ అతనికి ఇచ్చిన జవాబు ఇక్కడ రాయదగ్గది కాదు. నోరు మూసుకుని పొమ్మనడానికి కాస్త ఎక్కువే అన్నదనుకోండి. ఆ దంపతుల మీద ఎన్ని ఫిర్యాదులున్నా ఆ ఫోన్ కాల్ దగ్గర బెరిల్‌కు సలాం కొట్టాల్సిందే.

ఫిర్యాదులు లేకపోలేదు. ఇంటి డబ్బంతా బెరిల్ చేతిలోనే ఉండేది. లక్షలు సంపాదించే భర్తకు రోజుకు ఐదు షిల్లింగులు జేబు ఖర్చుకు ఇచ్చేదని చెబుతారు. సినిమాలో నాయికలు అతని దరిదాపులకు రాకుండా సెట్‌లో కాపలా ఉండేది. పిల్లలు లేరు. 1951లో లండన్‌లో జిప్ గోస్ ఎ మిలియన్ నాటకం బ్రహ్మాండంగా ఆడుతుండగా, మరుసటి ఏడాది గుండెపోటు వచ్చి తప్పుకున్నాడు. ఆ తర్వాత ఆరోగ్యం సరిగ్గా లేదు. బెరిల్‌కు క్యాన్సర్, రక్తానికి సంబంధించినది.

1960 డిసెంబరులో బీబీసీ టీవీలో ఒక కార్యక్రమం వచ్చింది. కార్యక్రమం పొడవునా ఆయన ఒక్కడే. పాటలు పాడాడు, మధ్యమధ్యలో తనకు చదవడం రాయడం రాదని, సంగీతం చదవలేనని దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. నలభై ఏళ్లుగా నవ్వు వెనక దాచుకున్న సంగతి అది. ఆ తర్వాత వారం తిరగగానే, డిసెంబరు 24న, బ్రిస్టల్‌లో అలాద్దీన్ నాటకం మొదటి ఆటకు రెండు గంటల ముందు బెరిల్ చనిపోయింది. 27న అంత్యక్రియలు ముగిశాక ఒక గంటకే బ్రిస్టల్ బయల్దేరి, ఆ మధ్యాహ్నం ఆటకు స్టేజీ ఎక్కాడు. దీన్ని కఠినత్వం అన్నవాళ్లున్నారు. దగ్గుతూ దగ్గుతూ జనాన్ని నవ్విస్తూ పోయిన తండ్రి కొడుకే కదా ఆయన.

ఏడు వారాలకే పాట్ హౌసన్ అనే టీచరమ్మను పెళ్లాడబోతున్నట్టు ప్రకటించాడు. పత్రికలు ముక్కున వేలేసుకున్నాయి. పెళ్లి జరగలేదు. 1961 మార్చి 6న ప్రెస్టన్ ఆస్పత్రిలో మరో గుండెపోటుతో పోయాడు. యాభై ఆరేళ్లు. ఆస్తి చాలావరకు హౌసన్‌కే రాసి ఉండటంతో కుటుంబం కోర్టుకెక్కింది, ఆ తగువు ఏళ్లు నడిచింది.

అంత్యక్రియల రోజు లివర్‌పూల్ నుంచి వారింగ్‌టన్ శ్మశానం దాకా దారి పొడవునా లక్షన్నర మంది నిలబడ్డారని లెక్కగట్టారు. ఏర్పాట్లన్నీ చూసిన బ్రూస్ విలియమ్స్ వృత్తిరీత్యా అంత్యక్రియల పని చేసేవాడే, కానీ ఎడ్డీ లాటా అనే కలం పేరుతో ఫార్మ్‌బీకి పాటలు రాసినవాడు కూడా. తండ్రి సమాధి ఉన్న చోటే, కుటుంబం వాళ్ల మధ్యే పూడ్చారు.

అదే ఏడాది అభిమానులు జార్జ్ ఫార్మ్‌బీ సొసైటీ పెట్టుకున్నారు. బ్లాక్‌పూల్‌లో ఇప్పటికీ కలుస్తారు. ముసలివాళ్లు, స్కూలు పిల్లలు, అందరి చేతుల్లోనూ బాంజొలేలేలే. పాట మొదలయ్యే ముందు చాలాసేపు ఒకరి వాద్యంతో ఒకరు శ్రుతి కలుపుకుంటూ, బోల్టులు బిగించుకుంటూ కూర్చుంటారు. 1991లో అలాంటి ఒక సమావేశానికి బీటిల్స్ జార్జ్ హారిసన్ వచ్చాడు. తన బాంజొలేలే పట్టుకుని, వరసలో మిగతావాళ్లతో పాటు నిలబడి వాయించి వెళ్లాడు.